చదువుకునే పిల్లలు – పై దేశంలో పార్ట్ టైము పని



ఈ రోజుల్లో నలుగురు ఆడవాళ్ళం ఒకచోట చేరితే కూరల ధరల తరువాత వచ్చే మాట పిల్లల అమెరికా చదువు. "మా వాడికి ఐ-20 వచ్చిందండీ", "మా అమ్మాయికి వీసా ఇంటర్వ్యూ పదో తారీకున" – ఇలా సాగుతూ వుంటాయి కబుర్లు. చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ తిరిగే తల్లులను చూసినా ఆ సంగతి తెలుస్తూనే వుంటుంది. బాగానే వుంది. మరి ఖర్చు సంగతేమిటని అడగండి. "మొదటి సంవత్సరానికి బ్యాంకు లోను పెట్టామండీ. ఆ తరువాత వాడే పార్ట్ టైము చేసుకుంటాడుట" అంటారు.

ఈ "చేసుకుంటాడుట" అన్న చిన్న మాట గురించే నేను ఇవాళ మీతో ముచ్చటించదలచుకున్నాను. ఎవరు చెప్పారు చేసుకుంటాడని? కన్సల్టెన్సీ ఆయన చెప్పాడు. పక్కవీధి అబ్బాయి చేస్తున్నాడని విన్నాము. కాని ఆ దేశపు చట్టం ఏమంటున్నదో మనలో ఎంతమందిమి విచారించాము? ఇల్లు కట్టేముందు ఇసుక దగ్గరనుంచి బేరమాడే మనం, ఇల్లు తాకట్టు పెట్టి పిల్లవాణ్ణి పంపేటప్పుడు ఈ ఒక్క సంగతీ గాలికి వదిలేస్తున్నాము.

అమెరికా ప్రభుత్వం చదువుకోసం వచ్చేవారికిచ్చే వీసాను ఎఫ్-1 అంటారు. ఆ పేరులోనే ఆ దేశం ఉద్దేశం వుంది. నువ్వు వచ్చింది చదువుకోవటానికి, సంపాదించటానికి కాదు అని. అందుకే ఐ-20 అనే పత్రం ఇచ్చేముందు కనీసం మొదటి సంవత్సరానికి సరిపడా డబ్బు మీ దగ్గర వున్నదని రుజువు చూపమంటారు. ఆ పత్రంలో ఫీజు ఎంత, తిండికీ బసకూ ఎంత, ఆ డబ్బు ఎక్కడనుంచి వస్తుంది అన్నీ అచ్చువేసి వుంటాయి. మీ అబ్బాయి ఐ-20 ఇంట్లోనే వుంటుంది గదా, ఒక్కసారి తీసి చదవండి. ఇంగ్లీషు అని జంకనక్కర్లేదు. అంకెలు ఏ భాషలోనైనా అంకెలే.

అయితే పని అసలు చెయ్యకూడదా అంటే, చెయ్యవచ్చు. కొన్ని కట్టుబాట్లున్నాయి. క్లాసులు జరుగుతున్న రోజుల్లో వారానికి ఇరవై గంటలు మించకూడదు. అదీ యూనివర్సిటీ ఆవరణలోనే. సెలవుల్లోనైతే పూర్తికాలం చేసుకోవచ్చు, కాని అప్పుడు కూడా ఆవరణ లోపలి పనే. లైబ్రరీలో పుస్తకాలు సర్దటం, భోజనశాలలో వడ్డించటం, పుస్తకాల దుకాణంలో కూర్చోవటం, కంప్యూటరు లాబుకు కాపలా వుండటం, ప్రొఫెసరుగారి క్రింద పరిశోధనకు సహాయం చెయ్యటం, కింది తరగతుల పిల్లల పేపర్లు దిద్దటం – ఇటువంటివి. యూనివర్సిటీ లోపల విద్యార్థుల కోసం నడిచే కాఫీ దుకాణం బయటి కంపెనీ వాళ్ళదైనా ఫరవాలేదు.

ఇరవై గంటలంటే అన్నీ కలిపి ఇరవై. లైబ్రరీలో పన్నెండు, భోజనశాలలో పన్నెండు చేస్తే ఇరవై నాలుగవుతుంది, తప్పవుతుంది. ఈ వారం పదిహేను గంటలే చేశాను గనుక వచ్చేవారం ఇరవై అయిదు చేస్తానంటే కుదరదు. మన పాలవాడి లెక్కలాగా ఒకరోజు తగ్గించి మరొకరోజు కలపటం అక్కడ చెల్లదు. ఏ వారం లెక్క ఆ వారానిదే.

ఇంట్లో తిన్న కంచం తీసి ఎరగని అబ్బాయి అక్కడ భోజనశాలలో బల్లలు తుడుస్తాడు. తల్లికి వినగానే మనసు చివుక్కుమనటం సహజమే. బంధువుల దగ్గర దాచి "లైబ్రరీలో చేస్తున్నాడండీ" అని చెప్పే వాళ్ళను నేనెరుగుదును. దాచవలసిన పనేమీ లేదు. ఆ పని చట్టం ఒప్పుకున్న పని. తోటివాళ్ళలో అక్కడి పిల్లలు కూడా వుంటారు. దాచవలసినవి వేరే వున్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

ముందు లెక్క చూద్దాం. డాలరు విలువ రోజుకొకలా వుంటుంది గనుక డాలర్లలోనే వేద్దాం. అమెరికా మొత్తానికి కేంద్రప్రభుత్వం పెట్టిన కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 నుంచి అది మారలేదు. మన పిల్లలు ఎక్కువగా వెళ్ళే టెక్సాసులో కనీసం అదే. కాలిఫోర్నియా, న్యూయార్కుల్లో అంతకు రెట్టింపుకు పైగా వుంటుంది, ఖర్చులూ ఆ ప్రకారమే వుంటాయి. మధ్యస్థంగా గంటకు 12 డాలర్లు దొరికిందనుకోండి. వారానికి 240. సెమిస్టరుకు పదిహేను వారాలు వేసుకుంటే 3,600. రెండు సెమిస్టర్లకు 7,200. వేసవిలో ఆవరణలోనే పది వారాలు పూర్తికాలం పని దొరికిందనుకుందాం, అది అందరికీ దొరకదు సుమా, అయినా వేద్దాం – మరో 4,800. అన్నీ కలిసి, పన్ను పోకముందు, 12,000 డాలర్లు. ఐ-20లో సంవత్సరం ఖర్చు 30,000 అని రాసి వుంటే, అంతా అనుకూలించినా సగం కూడా రాలేదు. వేసవి పని తీసేస్తే నాలుగోవంతు కూడా కాదు. అద్దెలో వాటా, పప్పూ ఉప్పూ, ఫోను బిల్లు – వీటికి సరిపోతుంది. ఫీజుకు మాత్రం సరిపోదు.

ఆవరణలో పని దొరకటం కూడా అంత సులువేమీ కాదు. ఒక్క భోజనశాల ఉద్యోగానికి ఎంతోమంది దరఖాస్తు పెడతారు. వెళ్ళిన మొదటి సెమిస్టరులో దొరకని వాళ్ళు చాలామంది. కనుక మొదటి ఏడాది సంపాదన సున్నా అనుకుని ఇంటి లెక్క వేసుకోండి. వస్తే అది మిగులు.

ఇంతకంటే మెరుగైనది అసిస్టెంటుషిప్పు. ప్రొఫెసరు దగ్గర బోధనలోనో పరిశోధనలోనో సహాయం చేసే వాళ్ళకు నెలనెలా భత్యం ఇస్తారు, చాలాచోట్ల ఫీజులో కొంతో మొత్తమో తగ్గిస్తారు. డాక్టరేటు చేసే వాళ్ళకు ఎక్కువగా దొరుకుతుంది, ఎమ్మెస్ వాళ్ళకు పోటీ ఎక్కువ. ఇదీ ఆ ఇరవై గంటల లెక్కలోదే. అబ్బాయి ఇక్కడ వుండగానే ఏ ప్రొఫెసరు ఏ విషయం మీద పని చేస్తున్నారో చదివి, వారికి ఉత్తరం రాయటం మొదలు పెడితే మంచిది. బట్టలు, ఊరగాయలు సర్దే హడావుడిలో ఆ నెలలు ఊరికే పోతాయి.

ఇక బయటి పని. ఇక్కడే చిక్కంతా. ఊళ్ళో గ్యాస్ స్టేషన్లు అంటారు, అంటే పెట్రోలు బంకులు. మన సరుకులమ్మే దుకాణాలు, మన భోజన హోటళ్ళు, మోటళ్ళు వున్నాయి. ఇంటి యజమాని మనవాడే. "బాబాయిగారి షాపు" అంటారు పిల్లలు. రాత్రి పూట కౌంటరు దగ్గర కూర్చో, చేతికి నగదు ఇస్తాను, కాగితం ఏమీ వుండదు అంటాడు. ఎఫ్-1 మీద వున్న విద్యార్థికి ఇది చట్టవిరుద్ధం. ఒక్క గంట చేసినా చట్టవిరుద్ధమే. స్నేహితుడి పేరు మీద కారులో జనాన్ని దింపటం, ఇంటింటికీ భోజనం పొట్లాలు చేరవెయ్యటం కూడా ఈ కోవలోదే. ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద ఎవరికో పనిచేసి డబ్బు పుచ్చుకోవటమూ పనే. జీతం పుచ్చుకోకుండా "అనుభవం కోసం" చేస్తున్నానన్నా, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పని అయితే ఆ మాట చెల్లదు.

"అందరూ చేస్తున్నారు కదండీ" అంటారు. చేస్తున్న మాట నిజమే. పట్టుబడితే ఏమవుతుందో కూడా తెలుసుకుని అనాలి ఆ మాట. అక్కడ ప్రతి విదేశీ విద్యార్థి వివరాలూ సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటరు చిట్టాలో వుంటాయి. చట్టం తప్పాడని తెలిస్తే ఆ పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే ఆ దేశంలో వుండే హక్కు పోయినట్టే. మామూలు పొరపాటు, అంటే ఒక సబ్జెక్టు తక్కువ తీసుకోవటం వంటిది జరిగితే, కారణం చెప్పుకుని మళ్ళీ హోదా ఇప్పించమని అర్జీ పెట్టుకోవచ్చు. కాని ఆ అర్జీకి వున్న షరతుల్లో ఒకటేమిటంటే, ఆ విద్యార్థి అనుమతి లేని పని చేసి వుండకూడదు. అంటే మిగతా తప్పులకు తెరిచి వుండే తలుపు కూడా ఈ తప్పుకు మూసుకుంటుంది. ఏళ్ళు గడిచి, ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టినప్పుడు కూడా "ఎప్పుడైనా అనుమతి లేకుండా పని చేశావా?" అని ఫారంలో ప్రశ్న వుంటుంది. అవునంటే ఒక చిక్కు, కాదని అబద్ధం రాస్తే అంతకంటే పెద్ద చిక్కు.

ఇంకో మాట. నగదు ఇచ్చే యజమానికి మీ పిల్లవాడి భయం తెలుసు. అందుకే గంటకు అయిదో ఆరో చేతిలో పెడతాడు. రెండు వారాల డబ్బు ఎగవేసినా వీడు నోరెత్తలేడు. నిజానికి చేసిన పనికి కనీస వేతనం ఇచ్చి తీరాలని అమెరికా చట్టం, వీసా ఏదైనా సరే. కాని ఫిర్యాదు చెయ్యటానికి గడప తొక్కేదెవరు? పైగా అవి రాత్రి వేళ ఒంటరిగా గల్లాపెట్టె దగ్గర కూర్చునే పనులు. దోపిడీ దొంగల తుపాకులకు మన తెలుగు పిల్లలు ఇటువంటి చోట్ల ప్రాణాలు కోల్పోయిన వార్తలు మనం ఒకటికి రెండుసార్లు పత్రికల్లో చదివాము.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. మా అక్కయ్య కొడుకు మెల్‌బోర్న్‌లో పెట్రోలు బంకులోనే చేస్తున్నాడే, వాడికి లేని తప్పు వీడికెందుకు అని. దేశం మారితే చట్టం మారుతుంది. ఆస్ట్రేలియాలో చదువు సాగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు చెయ్యనిస్తారు, బయటైనా సరే; ఈ లెక్క 2023 జూలై నుంచి. కెనడాలో బయట వారానికి 24 గంటలు, 2024 నవంబరు నుంచి. ఇంగ్లండులో డిగ్రీ చదివేవారికి క్లాసుల రోజుల్లో వారానికి 20 గంటలు, సొంత వ్యాపారం మాత్రం పనికిరాదు. జర్మనీలో 2024 నుంచి ఏడాదికి 140 పూర్తి దినాలో, 280 సగం దినాలో. అమెరికా ఒక్కటే ఆవరణ దాటవద్దని గిరి గీసింది. కనుక ఒకరి అబ్బాయిని చూసి మరొకరి అబ్బాయికి సలహా చెప్పకండి. ముందు ఏ దేశం అని అడగండి. ఈ కట్టుబాట్లు ప్రభుత్వాలు మారుస్తూ వుంటాయి కూడా. ఆ ఏడాది సంగతి యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయాన్నే అడిగించాలి, ఏడేళ్ళ క్రితం వెళ్ళివచ్చిన బావగారిని కాదు.

అమెరికాలో బయట పని చెయ్యటానికి బొత్తిగా దారే లేదా? వుంది. చదువుతో ముడిపడిన శిక్షణ అయితే ఒప్పుకుంటారు. చదువు మధ్యలో చేసేదాన్ని సి.పి.టి. అంటారు. వేసవిలో ఏదో కంపెనీలో ఇంటర్న్‌గా చేరటం అన్నమాట. అది పాఠ్యక్రమంలో భాగమై వుండాలి. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం చదివిన తరువాతే ఇస్తారు. విదేశీ విద్యార్థుల బాధ్యత చూసే అధికారిని డి.ఎస్.ఓ. అంటారు. ఆ అధికారి ఐ-20 మీద కంపెనీ పేరు, తేదీలు వేసి ఇచ్చిన తరువాతే పనిలో అడుగు పెట్టాలి. ముందు చేరి తరువాత కాగితం తెచ్చుకుంటానంటే కుదరదు. సి.పి.టి.ని పూర్తికాలం పన్నెండు నెలలు వాడేసుకుంటే, అదే స్థాయి చదువు అయిన తరువాత రావలసిన అవకాశం పోతుంది.

ఆ అవకాశం పేరు ఓ.పి.టి. చదువు పూర్తయ్యాక పన్నెండు నెలలు తన విషయానికి సంబంధించిన ఉద్యోగం చేసుకోవచ్చు. సైన్సు, ఇంజనీరింగు, గణితం వంటి చదువులకు మరో ఇరవై నాలుగు నెలలు పొడిగిస్తారు. లోను తీర్చేది నిజానికి ఈ కాలంలోనే, చదివేటప్పుడు కాదు. కాని మొదటి పన్నెండు నెలల్లో మొత్తం తొంభై రోజులకు మించి ఖాళీగా వుండకూడదు. ఆ భయంతో, ఉద్యోగం లేకపోయినా వున్నట్టు ఉత్తరం ఇచ్చే చిల్లర సంస్థలకు డబ్బు కట్టే పిల్లలున్నారు. అటువంటి ఉత్తరం ఆ పూటకు గండం గడిపించినట్టే వుంటుంది, తరువాత మెడకు చుట్టుకుంటుంది.

ఇంకో దారి కూడా వుంది, దీని సంగతి మన తల్లులకు తెలియటం అవసరం. చదువు చెప్పించే తండ్రి ఉద్యోగం పోయినా, కాలం చేసినా, రూపాయి విలువ బాగా పడిపోయినా, అనుకోని ఆస్పత్రి ఖర్చు వచ్చి పడినా – ఇలా ముందుగా ఊహించని కష్టం వస్తే, ఒక విద్యా సంవత్సరం పూర్తి చేసినవాడు బయట పని చేసుకోవటానికి అనుమతి కోరవచ్చు. డి.ఎస్.ఓ. సిఫార్సు మీద ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి. కార్డు చేతికొచ్చాక క్లాసుల రోజుల్లో వారానికి ఇరవై గంటలు చేసుకోవచ్చు. ఇంట్లో అటువంటి కష్టం వస్తే "వాడు దిగులు పడతాడు, చెప్పవద్దు" అని దాచుకుంటాము మనం. చెప్పండి. ఆ కాగితాలు, అంటే ఉద్యోగం పోయిన ఉత్తరమో ఆస్పత్రి బిల్లులో, పంపండి. ముందే డబ్బు లేకుండా, ఎవరివో లక్షలు నాలుగురోజులు బ్యాంకులో చూపించి వెళ్ళినవాడికి మాత్రం ఇది వర్తించదు. అది ఊహించని కష్టం కాదు గదా.

దొంగ దారులు ఎంతదాకా తీసుకుపోతాయో మనవాళ్ళు రెండుసార్లు చూశారు. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్ళో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి వుండేది. వెయ్యిమందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళు. చేరిన వాళ్ళు కాలిఫోర్నియాలో వుండనక్కర్లేదు, క్లాసుకు వెళ్ళనక్కర్లేదు, దేశంలో ఎక్కడైనా పని చేసుకోవచ్చునన్నమాట. 2011 జనవరిలో అధికారులు సోదా చేస్తే, సగానికి పైగా విద్యార్థుల చిరునామా ఒకే అపార్టుమెంటుగా బయటపడింది. కొంతమంది పిల్లల కాళ్ళకు, ఎక్కడికి వెళ్ళేదీ తెలిసేటట్లు, రేడియో పట్టీలు తగిలించారు. మన ప్రభుత్వం నిరసన తెలిపింది. యూనివర్సిటీ యజమానురాలికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలు పడింది, ఆ పిల్లల చదువులు మాత్రం నడిరోడ్డున పడ్డాయి.

తరువాత 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ. ఇది ఇంకా విడ్డూరం. ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా వలస అధికారులే, వల పన్నటానికి. పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. ఫీజు కడితే పని చేసుకోవటానికి కాగితం వస్తుంది, అంతే. పిల్లలను చేర్పించిన ఎనిమిదిమంది దళారీల మీద కేసులు పెట్టారు. నూట ముప్పైమంది వరకు విద్యార్థులను నిర్బంధించారు. వాళ్ళలో దాదాపు అందరూ మన దేశం వాళ్ళు, అందులో ఎక్కువమంది తెలుగువాళ్ళు. ప్రభుత్వమే అలా వల వెయ్యటం న్యాయమా అని అక్కడా చర్చ జరిగింది. నా మటుకు నాకు అది న్యాయంగా తోచదు. కాని క్లాసు లేని కాలేజీ అని తెలిసీ చేరినవాడి తరఫున గట్టిగా వాదించటం కూడా కష్టమే. కనుక "మొదటి రోజునుంచే పని చేసుకోవచ్చు" అని ఎవరైనా కాలేజీ పేరు చెబితే, అక్కడ వారానికి ఎన్ని క్లాసులు, ఏ గదిలో, ఎవరు చెబుతారు అని అడగండి. తడబడితే లేచి వచ్చెయ్యండి.

సక్రమమైన పనిని గుర్తుపట్టటం కష్టం కాదు. పనిలో చేరేటప్పుడు ఐ-9 అనే ఫారం మీద సంతకం చేయిస్తారు, పాసుపోర్టు, ఐ-20 చూస్తారు. ఉద్యోగం ఇచ్చినట్టు ఉత్తరం వుంటే దానితో సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కార్డుకు రుసుము ఏమీ లేదు. డబ్బు తీసుకుని ఇప్పిస్తానన్నవాడు మోసగాడే. జీతం బ్యాంకులో పడుతుంది, గంటలు, కోతలు రాసిన చీటీ వస్తుంది. సంవత్సరం ముగిశాక జనవరిలో డబ్ల్యు-2 అనే కాగితం ఇస్తారు. ఇవేవీ లేకుండా కవరులో నోట్లు పెట్టి ఇస్తే అది ఏ పనో వేరే చెప్పనక్కర్లేదు.

పన్ను విషయం కూడా రెండు మాటల్లో. ఆ చీటీ తెప్పించుకుని చూస్తే, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని రెండు కోతల గళ్ళుంటాయి. రెండూ కలిపి జీతంలో నూటికి 7.65. ఎఫ్-1 విద్యార్థులకు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు ఈ కోత వుండదు. పొరపాటున కోస్తే తిరిగి ఇమ్మని అడగవచ్చు. ఆదాయపు పన్ను లెక్కలో మన పిల్లలకు ఒక వెసులుబాటు వుంది. భారత-అమెరికా దేశాల మధ్య 1989లో కుదిరిన పన్ను ఒప్పందం ప్రకారం, మిగతా దేశాల విద్యార్థులకు లేని స్టాండర్డ్ డిడక్షన్ మన విద్యార్థులకు ఇస్తారు. ఏప్రిల్ 15 లోపల లెక్క దాఖలు చెయ్యాలి. పైసా సంపాదన లేకపోయినా 8843 అనే ఫారం మాత్రం పంపాలి. ఇది చాలామంది పిల్లలు మరచిపోతారు. మీ క్యాలెండరు మీద ఏప్రిల్ నెలలో గుర్తు పెట్టుకుని ఫోనులో గుర్తుచెయ్యండి.

ఫోను మాట వచ్చింది గనుక చెబుతున్నాను. ఆదివారం పొద్దున్న పిల్లవాడు ఫోను చేయగానే "ఏమైనా పని దొరికిందిరా? శేషమ్మ పిన్ని వాళ్ళబ్బాయి అప్పుడే డబ్బు పంపుతున్నాట్ట" అంటాము. మనం మామూలుగానే అంటాము. వాడు ఫోను పెట్టేసి అదే రాత్రి ఏ బాబాయిగారి షాపుకో వెళతాడు. అడగదలచుకుంటే, "ఈ వారం ఎన్ని గంటలు చేశావు? జీతం చీటీ మీద ఎవరి పేరుంది? డి.ఎస్.ఓ.ని కనుక్కున్నావా?" అని అడగండి. విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. బయలుదేరకముందే ఇంట్లో కూర్చుని, రెండేళ్ళ ఫీజు ఎక్కడనుంచి, లోను వాయిదా ఎప్పటినుంచి, వాడు పైసా పంపకపోతే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది అని కాగితం మీద వేసుకున్న ఇంటినుంచి ఇటువంటి ఫోను వెళ్ళదు. లెక్క కుదరకపోతే ఒక ఏడాది ఆగి, ఇక్కడే ఉద్యోగం చేసి కొంత వెనకేసుకుని వెళ్ళమనండి. ఒక ఏడాది ఆలస్యమైతే సంబంధాలు తప్పిపోతాయని బెంగపడే వాళ్ళకు నేను చెప్పగలిగిందేమీ లేదు.

ఆడపిల్లల తల్లులు ఇంకొకటి గమనించాలి. పెళ్ళికొడుకు ఎఫ్-1 మీద చదువుతున్నాడు, అమ్మాయి కూడా వెళ్ళి ఏదో ఒకటి చేసుకుంటుంది అనుకుంటారు. అతని భార్యగా వెళ్ళే అమ్మాయికి ఇచ్చేది ఎఫ్-2. దాని మీద ఏ ఉద్యోగమూ చెయ్యకూడదు, ఆవరణలోనైనా సరే. కావాలంటే కొద్దిపాటి క్లాసులకు వెళ్ళవచ్చు. పూర్తిగా చదవాలన్నా, పని చెయ్యాలన్నా తనే ఎఫ్-1 తీసుకోవాలి. మాటలు ఖాయం చేసుకునేముందు ఇది అమ్మాయికి చెప్పి, ఆమె ఏమంటుందో వినండి.

ఇక మన సంగతి. కూతురి పురిటికో, కొడుకు పట్టాపుచ్చుకునే పండుగకో మనం కూడా వెళుతూ వుంటాము. మనకిచ్చేది సందర్శకుల వీసా. దాని మీద కూడా డబ్బు పుచ్చుకుని పని చెయ్యటం నిషిద్ధం. "ఆంటీ, ఎలాగూ ఇంట్లోనే వుంటున్నారు కదా, మా పాపను కూడా చూడండి, గంటకింత ఇస్తాం" అని పక్కింటి అమ్మాయి మర్యాదగానే అడుగుతుంది. వంట చేసి డబ్బాలు పంపమంటారు. ఆవకాయ పెట్టి నలుగురికి ఊరికే పంచితే ఎవరూ కాదనరు. సీసాకు పది డాలర్లని ధర కట్టామా, అది కూడా అనుమతి లేని పనే అవుతుంది.